పైదే

సున్నా వరుసలు, అంది.

ఎర్రర్ అయినా నయం.
తిట్టినట్టుంటుంది, ఎక్కడ తగిలిందో తెలుస్తుంది.
ఇది తలుపు ఓరగా తీసి
ఇంట్లో ఎవరూ లేరని చెప్పి
మళ్ళీ వేసుకున్నట్టు.

అమలాపురం, డ్రెయిన్ల ఆఫీసు, మేడ మీద గది.
కిటికీ కింద పీచు లారీ వెనక్కి వస్తూ
అరగంట నుంచీ కూస్తూనే ఉంది.
ఐదింటికల్లా ఏఈ గారికి
గరువులంక లాకు దగ్గర ఆగస్టు నీటిమట్టం సగటు కావాలి.

లాకు ఉంది.
నిన్న దాని మీదుగానే స్కూటీ మీద వచ్చాను.
టేబుల్లో లేదు.

నరసాపురంలో మా పెద్దమ్మ
తప్పిన కన్ను దొరికేదాకా
లేసు మొత్తం విప్పేది, విసుక్కోకుండా.
నేను విసుక్కుంటూ విప్పాను.
తేదీ షరతు తీసేశాను: సున్నా.
మండలం తీసేశాను: సున్నా.
పేరొక్కటే మిగిల్చాను: సున్నా.
పేరులో ఇంగ్లీషు అక్షరాలు లెక్కపెట్టమన్నాను.
పదకొండు ఉండాలి. పన్నెండంది.

చివర ఒక ఖాళీ.
టైపు చేసిన దంగేటి లలితామణి బొటనవేలు
వాక్యం ఇంకా ఉందనుకుని
అలవాటుగా అక్కడ వాలి ఉంటుంది.
కంటికి ఆనని ఆ జాగాలోకి
ఒక లాకు, రెండు గేట్లు, నెల రోజుల నీళ్ళు.

కత్తిరించాను.
బిలబిలా ముప్పై ఒక్క వరుసలు.

సగటు అడిగాను. ఎర్ర అక్షరాలు:
ఇవి సంఖ్యలు కావు, కూడలేను.
చూస్తే పద్నాలుగో తేదీ దాకా అంకెలే.
పదిహేను నుంచి ఐదు రోజులు

????
????
????
????
????

"సంఖ్యలుగా మార్చెయ్యండి మేడం,
కానివి వాటంతటవే రాలిపోతాయి"
పక్క సీటు సత్తిపండు సలహా.
నిజమే. ఆర్‌లో ఒక్క మాట చాలు.
హెచ్చరిక ఒకటి వస్తుంది, అదెవరూ చదవరు.

వేలు మీటదాకా వెళ్ళి ఆగింది.
రోజుకి సరిగ్గా నాలుగే ఎందుకు?
చెత్తకి ఇంత క్రమశిక్షణ ఉండదు.

కనెక్షన్ తెంచాను.
యూనికోడ్‌లో మాట్లాడమని చెప్పి మళ్ళీ కలిపాను.

పైదే
పైదే
పైదే
పైదే
పైదే

ప, ఐత్వం, ద, ఏత్వం.
నాలుగు. లెక్క కుదిరింది.

"అయితే పద్నాలుగో తేదీ అంకె కిందికి లాగెయ్యండి,
అదీ ఒక్క మాటే" అన్నాడు సత్తిపండు.

లస్కరు గెడ్డం ఏసోబుకి ఫోన్ చేశాను.
వరదలో ఐదు రోజులూ మట్టం ఒకటేనా అండీ?

"ఆయ్, ఒకటెలాగవుద్దండి?
స్కేలు మునిగిపోయిందండి.
రాద్దారంటే అంకె ఏదండి?
పైదే అని రాసేనండి.
అంటే పైనున్నదే అని. స్కేలుకి పైన."

పీచు లారీ ఇంజను ఆపేశాడు.

"మెట్లు లెక్కెట్టేనండి టార్చిలైటేసి.
పదిహేనున నాలుగు మునిగినియ్యి,
పదిహేడున తొమ్మిది.
అది రాయడానికి పుస్తకంలో గడి లేదండి.
ఎవరూ అడగలేదు కూడానండి, ఆయ్."

మూడు గంటల నలభై.
కొత్త కాలమ్ ఒకటి తెరిచి పేరు పెట్టాను: మెట్లు.
నాలుగు, ఏడు, తొమ్మిది, తొమ్మిది, ఐదు,
ఏసోబు చెబుతుంటే
ఒక్కోటీ తిరిగి చదివి ఎక్కించాను.
మీటర్లలోకి మార్చలేదు.
మెట్టు ఎత్తెంతో రేపు టేపు పట్టుకెళ్ళి చూడాలి.

సగటు ఇరవై ఆరు రోజులకే వస్తుంది.
ఏఈ గారు మిగతా ఐదూ ఏవమ్మా అంటారు.
ప్రోగ్రాములో, యంత్రం చదవని వరుసలో,
హ్యాష్ గుర్తు వెనక రాసుకున్నాను:
ఇక్కడ నీరు స్కేలు కంటే ఎత్తు.

నడిపాను.
మళ్ళీ ఎర్ర అక్షరాలు.
ఈసారి నాదే,
మెట్ల దగ్గర, తొమ్మిదికీ తొమ్మిదికీ మధ్య
ఒక కామా.